మూడు సీసాలు, ఒకటే మందు: హొసకోటె టమాటా తోటలో తెల్లదోమ కేసు

2023 మార్చి 5, ఆదివారం పొద్దున బెంగళూరు కె.ఆర్.పురంలో ఇంట్లో ఉండగా ఫోన్ వచ్చింది. "సార్, మూడు మందులు కొట్టినా. దోమ పోలేదు. చెట్లన్నీ ముడుచుకుంటా ఉండాయి. ఒకసారి వచ్చి చూసిపోండి." హొసకోటె దాటి మాలూరు రోడ్డులో ఉన్న ఒక ఊరి రైతు ఆయన. ఆ పక్క ఊళ్లలో చాలామందికి ఇంట్లో తెలుగు, మండిలో కన్నడ. నాది మదనపల్లె వైపు కాబట్టి టమాటా గురించి మాట్లాడుకోవడానికి మా ఇద్దరికీ వేరే భాష అక్కర్లేదు. ఆయన పేరు ఇక్కడ రాయను, అన్న అంటాను.

పంటలకు సలహాలు చెప్పడం నా పని. దైహిక మందుల విషయంలో, అంటే మొక్క పీల్చుకుని తన రసంలో తిప్పుకునే మందుల విషయంలో, నేను చూసిన పొరపాట్లు దాదాపు అన్నీ ఈ ఒక్క తోటలోనే ఉన్నాయి. నా పొరపాట్లు కూడా రెండు ఉన్నాయి. అందుకే ఈ కేసు మొత్తం రాసి పెట్టాను.

ఎకరా ఇరవై గుంటల ఎర్రనేల. బోరు, డ్రిప్పు ఉన్నాయి, మల్చింగ్ షీటు లేదు. ఫిబ్రవరి 8న హైబ్రిడ్ టమాటా నాటారు. నారు దగ్గర్లోని ఒక నర్సరీ నుంచి తెచ్చారు, సుమారు పదకొండు వేలు. నేను వెళ్లేసరికి పంటకు 25 రోజులు. మామూలుగా ఆ వయసుకు మొక్క మోకాలి దగ్గరికి వచ్చి, కట్టెలు నాటే పని మొదలవ్వాలి. ఇక్కడ సగం మొక్కలు జానెడు మీద లేవు.

లెక్క లేకుండా మందు మాట ఎత్తకూడదని నాకో పట్టుదల. తోటలో పది చోట్ల ఆగి, ఒక్కో చోట వరుసగా ఇరవై మొక్కలు చూశాను. రెండు వందల మొక్కల్లో 31కి ముడత ఉంది. ఆకు అంచులు పైకి మడిచి దొన్నెలా అయ్యాయి. ఈనెల మధ్య పసుపు కమ్మింది, కొత్త ఆకులు చిన్నగా, గుత్తుగా వస్తున్నాయి. తెల్లదోమ (ఆకు రసం పీల్చే చిన్న తెల్ల పురుగు, మనిషిని కుట్టే దోమ కాదు) మోసుకొచ్చే ఆకుముడత వైరస్ లక్షణాలే ఇవి. అయినా రెండు అనుమానాలు తీర్చుకున్నాను. ఒకటి, తామర పురుగు తెచ్చే మొవ్వుకుళ్లు వైరస్. అందులో లేత ఆకులు రాగి రంగుకి తిరిగి కొస ఎండిపోతుంది, అది ఇక్కడ లేదు. రెండోది, పక్క రాగి చేనులో ఎవరైనా 2,4-డి కలుపు మందు కొట్టి ఉంటే ఆ గాలికి టమాటా ఆకు తాడులా మెలితిరుగుతుంది. దాన్ని చూసి వైరస్ అనుకుని తోట పీకేసిన వాళ్లను నేను ఇద్దరిని చూశాను. కానీ మార్చిలో రాగి చేను ఎక్కడుంది, ఆ అనుమానం అక్కడే తీరిపోయింది.

ఈ వైరస్ జాతుల్లో ఒకదానికి బెంగళూరు పేరే పెట్టారు, టమాటా లీఫ్ కర్ల్ బెంగళూరు వైరస్ అని. ఊరికి ఐటీ పేరు రాకముందే ఈ పేరూ ఉండాల్సింది అని మా రైతుల దగ్గర నవ్వుతుంటాను. ఈ ప్రాంతంలో ఫిబ్రవరి నుంచి మే వరకు తెల్లదోమ ఉధృతం ఎక్కువ, ముడత కూడా ఎక్కువ. ఆ నెలల్లో టమాటా నాటడమంటే తెలిసి జూదం ఆడటమే.

ముడత మొక్కలు తోటంతా సమంగా లేవు. తూర్పు గట్టు దగ్గర ఎక్కువ, లోపలికి పోయే కొద్దీ తక్కువ. ఆ గట్టు అవతల పక్క రైతుది పాత టమాటా తోట, కోతలు అయిపోయి వదిలేసినది. గట్టు మీద వయ్యారిభామ నడుము ఎత్తున పెరిగింది. అదీ ఈ వైరస్‌ను దాచుకునే కలుపే. పాత తోటలో ఒక మొక్కను కాలితో కదిలిస్తే తెల్లటి పొడి లేచినట్టు దోమ లేచింది. అక్కడే నాకు కేసు సగం అర్థమైంది.

మిగతా సగం పంపు షెడ్డులో దొరికింది. అన్న ఖాళీ సీసాలు, ప్యాకెట్లు పారేయకుండా ఒక సంచిలో పెట్టాడు, అంతకన్నా మేలు చేసే పని రైతు చేయలేడు. ఫిబ్రవరి 16న ఇమిడాక్లోప్రిడ్ 17.8 ఎస్.ఎల్., 22న థయామెథాక్సామ్ 25 డబ్ల్యు.జి., 28న అసిటామిప్రిడ్ 20 ఎస్.పి. (అంకె మందు శాతం, అక్షరాలు అది ద్రవమో పొడో గుళికలో చెప్పేవి). మూడు రంగుల లేబుళ్లు, మూడు ధరలు, మూడు కంపెనీలు. "ఒకటి పని చేయలేదని ఇంకొకటి మార్చి మార్చి కొట్టినా సార్" అన్నాడు. అంగడిలో అడిగినప్పుడల్లా వేరే పేరు ఇచ్చారు. వాళ్లు మోసం చేశారని నేను అనుకోను. మార్చమని అడిగితే వాళ్లు సీసా మార్చారు, అంతే.

మూడూ నియోనికోటినాయిడ్లే. పురుగు మందులను అవి పనిచేసే తీరును బట్టి గుంపులుగా విడదీసిన అంతర్జాతీయ పట్టికలో ఈ మూడూ 4ఎ గుంపు కిందికే వస్తాయి. పురుగు నరాల్లో ఒక కణం నుంచి ఇంకో కణానికి కబురు అందుకునే తాళం ఒకటి ఉంటుంది. ఈ మందులన్నీ ఆ ఒక్క తాళంలోనే దూరి దాన్ని తెరిచి వదిలేస్తాయి. నరం ఆగకుండా కొట్టుకుని పురుగు చస్తుంది. పొగాకులోని నికోటిన్ చేసే పనీ అదే. ఇది అన్నకు చెబుతుంటే వసారాలో కూర్చున్న వాళ్ల అవ్వ అందుకుంది. "మా కాలంలో పొగాకు నానబెట్టి ఆ నీళ్లే చల్లుతుంటిమి కదప్పా." అవును అవ్వా, అదే దారి. నికోటిన్ ఎండకు తొందరగా చెడిపోతుంది, మనిషికి కూడా చాలా విషం. అదే తాళానికి పట్టే, మొక్కలో ఎక్కువ రోజులు నిలిచే, పురుగు మీద ఎక్కువగా, మనిషి మీద తక్కువగా పనిచేసే రకమే ఇమిడాక్లోప్రిడ్. అది 1991లో మార్కెట్లోకి వచ్చింది. అవ్వకు అర్థమైనంత సులభంగా ఈ విషయం నేను ఎప్పుడూ ఎవరికీ చెప్పలేకపోయాను.

అంటే అన్న పన్నెండు రోజుల్లో మూడుసార్లు ఒకే తాళం మీద ఒకే తాళంచెవి తిప్పాడు. మొదటిసారి చావని దోమలు ఆ తాళం కాస్త వేరుగా ఉన్నవో, మందును ఒంట్లోనే విరిచేసుకునేవో అయి ఉంటాయి. రెండో పిచికారీ వాటి పిల్లలకు చోటు ఖాళీ చేసి పెట్టింది. మూడోది ఇంకాస్త పెట్టింది.

మోతాదు దగ్గర ఇంకో కథ. టమాటాకు ఇమిడాక్లోప్రిడ్ 17.8 లేబుల్ మీద ఉన్నది హెక్టారుకు 150 నుంచి 175 మి.లీ., ఐదు వందల లీటర్ల నీళ్లలో. లీటరుకు 0.3 మి.లీ. పైచిలుకు, పదహారు లీటర్ల ట్యాంకుకు ఐదు మి.లీ. చాలు. అన్న సీసా మూతతో కొలిచి ట్యాంకుకు పది పోశాడు. "ఐదు పోస్తే వాసనే రాదు సార్, ఏం పని చేస్తుంది" అన్నాడు. ఈ మందుకు వాసన ఉండాల్సిన పని లేదు. పాత ఆర్గానోఫాస్ఫేట్ మందుల ఘాటు మన ముక్కుకు అలవాటైపోయి, ఘాటు లేనిదాన్ని నమ్మలేకపోతున్నాం. రెట్టింపు పోస్తే దోమ రెట్టింపు చావదు. దాన్ని తినే అక్షింతల పురుగులు, అల్లిక రెక్కల పురుగులు మాత్రం ముందుగా పోతాయి. ఇంకోటి కూడా జరుగుతుంది, దాని గురించి తర్వాత.

కొట్టినది పగలు పదకొండు గంటలకు, పవర్ స్ప్రేయరుతో, మొక్క మీది నుంచి. తెల్లదోమ ఉండేది ఆకు అడుగున. "ఇది లోపలికి పోయే మందు కదా సార్, ఎక్కడ కొడితే ఏం?" అని అడిగాడు. నాకు వచ్చే ప్రశ్నల్లో ఎక్కువసార్లు వచ్చేది ఇదే, ఎక్కువ నష్టం చేసేదీ ఇదే.

లోపలికి పోతుంది, నిజమే. కానీ ఏ దారిలో, ఏ వైపుకు అన్నది ముఖ్యం. మొక్కలో రెండు రకాల కాలువలు ఉంటాయి. ఒకటి వేరు నుంచి నీటిని పైకి మోసేది, దాన్ని దారువు అంటారు. రెండోది ఆకులో తయారైన తిండిని కింద వేరుకీ, పైన లేత కొసకీ, కాయకీ మోసేది, అది పోషక కణజాలం. నియోనికోటినాయిడ్లు దాదాపుగా మొదటి కాలువలోనే ప్రయాణిస్తాయి, పైకే పోతాయి. వేరు దగ్గర పోస్తే నీటితో పాటు ఎక్కి ఆకులన్నిటికీ చేరతాయి, ఆ తర్వాత పుట్టే ఆకుల్లోకి కూడా కొన్నాళ్లు వస్తాయి. ఆకు మీద కొడితే ఆ ఆకు మందంలోకి దిగి అడుగు వైపుకు కొంత చేరుతుంది, ఆకు కొస వైపుకు జరుగుతుంది. పడ్డ ఆకు నుంచి వెనక్కి కాండంలోకి దిగి, మళ్లీ పైకి ఎక్కి, రేపు పుట్టబోయే ఆకులోకి పోవడం మాత్రం జరగదు. పైకీ కిందికీ రెండు కాలువల్లో తిరిగే మందులు వేరే ఉన్నాయి, స్పైరోటెట్రామాట్ అలాంటిది. ఇది అలాంటిది కాదు.

ఇరవై రోజుల టమాటా మొక్క రెండు మూడు రోజులకు ఒక కొత్త ఆకు వేస్తుంది. ఎగిరే తెల్లదోమకు ఇష్టమైనది ఆ లేత ఆకే. కాబట్టి పిచికారీ చేసిన వారానికి, దోమ వచ్చి వాలే ఆకులో మందు ఉండదు. మందు ఉన్న ఆకు కింద ముదిరిపోయి ఉంటుంది. అన్న మూడుసార్లు కొట్టినా ఆ కొస ఎప్పుడూ ఖాళీగానే ఉంది. దానికి తోడు మధ్యాహ్నం ఎండకు మొక్క వాడి ఉన్నప్పుడు కొట్టాడు. మందు బొట్టు ఆకు మీద నిమిషాల్లో ఆరిపోతే లోపలికి దిగేది ఎంత?

దోమ చావకపోవడానికి ఇవన్నీ కారణాలు. ముడత రావడానికి కారణం ఇవేవీ కాదు. నా దృష్టిలో ఈ కేసులో అసలు విషయం ఇదే.

ఒదిన గారు టీ తెచ్చి ఇస్తూ ఒక మాట అన్నారు. "నాటిన పది పన్నెండు దినాలకే నేను అక్కడొకటి ఇక్కడొకటి చూసినా. నీళ్లు చాల్లేదేమో అనుకున్నా." వైరస్ మొక్కలోకి పోయిన తర్వాత ముడత కనపడటానికి సుమారు రెండు వారాలు పడుతుంది. పన్నెండో రోజున కనిపించిన ముడత తోటలో ఎక్కింది కాదు, నర్సరీలోనే ఎక్కి వచ్చింది. నేను చూసిన 31లో మిగతావి నాటిన మొదటి వారం పది రోజుల్లో ఎక్కినవి. అన్న మొదటి మందు కొట్టింది ఎనిమిదో రోజు. అంటే సీసా మూత తీసేలోపే సగం ఆట అయిపోయింది. వైరస్ సోకిన మొక్కకు ఏ పురుగు మందూ వైద్యం చేయలేదు, అది దోమకు మందే గాని వైరస్‌కు కాదు.

సరే, ముందే మొక్కలో మందు ఉంటే? అక్కడ కూడా ఒక తిరకాసు ఉంది. వైరస్ ఉన్న తెల్లదోమ దాన్ని బతికినన్నాళ్లూ ఒంట్లో మోస్తుంది. పక్క తోట నుంచి వచ్చి వాలి పావుగంటో అరగంటో రసం పీల్చితే చాలు, వైరస్ దిగిపోతుంది. మందు ఉన్న ఆకు రసం పీల్చినా అది చచ్చేలోపు ఆ పావుగంట గడిచిపోవచ్చు. మందు ఉంటే కొన్ని దోమలు తొందరగా పీల్చడం మానేస్తాయి, అది కొంత మేలు. కానీ దైహిక మందు గట్టిగా చేసే పని వేరే ఉంది. తోటలోనే గుడ్లు పెట్టి, పిల్లలై, రెక్కలొచ్చి, ముడత మొక్క నుంచి పక్క మొక్కకు వైరస్‌ను పంచే తరాన్ని అది తెంపుతుంది. బయటి నుంచి వచ్చే దోమను ఆపేది వల, గట్టు శుభ్రం, అడ్డుపంట. లోపల పెరిగే దోమను ఆపేది మందు. మొదటిదాని పని రెండోదానికి అప్పజెప్పినందుకే అన్న మూడు సీసాల డబ్బు పోగొట్టుకున్నాడు.

మార్చి 6న పని మొదలుపెట్టాం. మొదట ఒక పరీక్ష చేద్దామన్నాను. నాలుగు వరసల్లో సరైన మోతాదులో, పొద్దున ఏడు లోపు, ఆకు అడుగు తడిసేలా ఇమిడాక్లోప్రిడ్. మిగతా తోటంతా స్పైరోమెసిఫెన్ 22.9 ఎస్.సి., హెక్టారుకు 625 మి.లీ. లెక్కన. ఇది 23వ గుంపు, నరాల మీద కాకుండా పురుగు ఒంట్లో కొవ్వు తయారీ మీద పనిచేస్తుంది. రెండు వైపులా ఇరవై చొప్పున చిట్టి ఆకులకు దారం కట్టి, భూతద్దంతో పిల్ల పురుగులు లెక్కపెట్టాం. సగటున ఆకుకు పద్నాలుగు.

మందు కొట్టే కుర్రాడు చెప్పుల్లేకుండా, ముఖానికి తువ్వాలు కట్టుకుని వచ్చాడు. ఈ మందులకు ప్రత్యేకమైన విరుగుడు లేదు, ఒంటికి తగిలితే డాక్టరు లక్షణాలను బట్టి చూడాల్సిందే. ఆ రోజు గ్లోవ్స్, బూట్లు, మాస్కు నా బండిలో నుంచి ఇచ్చాను. గాలికి ఎదురుగా నడవద్దని మాత్రం రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

మూడో రోజు అన్న ఫోన్. గొంతులో కోపం. "సార్, దోమ అట్లే ఎగురుతా ఉంది. మీ మందు కూడా అంతే." ఇది నేను ముందే చెప్పి ఉండాల్సింది, చెప్పలేదు. స్పైరోమెసిఫెన్ గుడ్డునూ పిల్లనూ కొడుతుంది, పెద్ద దోమ గుడ్లు పెట్టడం తగ్గిస్తుంది. ఎగిరే దోమ టపటపా రాలి పడదు. రైతు చూసేది ఎగిరేదాన్నే కదా. "ఆరో రోజు వస్తాను, అప్పటిదాకా ఇంకేదీ కొట్టొద్దన్నా" అని బతిమాలుకున్నాను. ఆ మూడు రోజులు నాకూ టెన్షనే.

ఆరో రోజు దారం కట్టిన ఆకులు చూశాం. ఇమిడాక్లోప్రిడ్ వరసల్లో ఆకుకు పదకొండు, మిగతా తోటలో మూడు. భూతద్దం ఆయన చేతికే ఇచ్చి ఆయనతోనే లెక్కపెట్టించాను. నా మాట నమ్మినందుకంటే ఆ లెక్క చూసుకున్నందుకే ఆ తర్వాత ఆయన పంచాయితీ పెట్టలేదు.

ముడత మొక్కలు పీకించే దగ్గర నా మొదటి తప్పు. మార్చి 6న కూలీలు పదింటికి వచ్చారు, ఆ పూటే పీకించేశాను. ఎండ ఎక్కాక దోమ చురుగ్గా ఉంటుంది. మొక్క కదిలించగానే లేచి పక్కనున్న మంచి మొక్కల మీద వాలింది. వైరస్ నింపుకున్న దోమను నేనే చేయి పట్టి పంచినట్టయింది. తెల్లారక ముందే, చలికి దోమ కదలలేని వేళ, ముందురోజు మందు కొట్టి ఉంచి, మొక్కను పాలిథిన్ సంచిలో మూసి పీకాలి. ఇది నాకు తెలియనిది కాదు. కూలీలు దొరికిన పూట పని చేయించుకోవాలన్న తొందర, అంతే.

రెండో తప్పు ఎర్రనల్లి. మొదటి రోజు నా దృష్టంతా తెల్లదోమ మీదే ఉంది. కింది ఆకుల మీద సూది మొనతో పొడిచినట్టు తెల్లటి చుక్కలు ఉన్నా వాటిని మందు మచ్చలు అనుకున్నాను. మార్చి చివరికి ఆకుల కింద సాలెగూడు పట్టింది. నియోనికోటినాయిడ్లు మోతాదు మించి వాడిన తోటల్లో ఎర్రనల్లి విజృంభించడం చాలా పంటల్లో చూసిందే. దాన్ని తినే పురుగులు పోవడం ఒక కారణం. పైన చెబుతానన్న ఇంకో సంగతి ఇదే. స్పైరోమెసిఫెన్ నల్లికి కూడా పనిచేస్తుంది కాబట్టి కొంత ఆగింది, లేకపోతే ఇంకా ముందే తెలిసేది. ఏప్రిల్ మొదట్లో ఇంకోసారి అదే మందు కొట్టాం. మధ్యలో ఒకసారి 28వ గుంపులోని సయాంట్రానిలిప్రోల్, ఒకసారి వేపనూనె. ఆ నాలుగు పరీక్ష వరసలు తప్ప, 4ఎ గుంపు మందు ఏదీ ఆ పంట చివరిదాకా ముట్టలేదు.

అన్నిటికన్నా కష్టమైన పని పక్క తోట. ఆ రైతుకు ఇంకా రెండు మూడు బాక్సులు వస్తాయని ఆశ, పీకేందుకు కూలి డబ్బు దండగ. మా అన్నకూ ఆయనకూ గట్టు గొడవ కూడా ఉన్నట్టుంది. నేను వెళ్లి మాట్లాడితే "మీ పంట కోసం నా పంట పీకాలనా?" అన్నారు. న్యాయమే. చివరికి పీకే కూలి మా అన్న ఇచ్చేట్టు, ఎండిన చెట్లు ఆయన ఆవుల కొట్టంలో మంటకు తీసుకునేట్టు ఒప్పందం. మందులకు పెట్టిన దానిలో నాలుగో వంతు కూడా కాలేదు ఆ కూలి. ఫిబ్రవరి 7న, నాటడానికి ముందు రోజు, ఇదే పని జరిగి ఉంటే ఈ కేసు రాసేవాణ్నే కాదు.

ఏప్రిల్ నడిమికి ముడత మొక్కలు రెండు వందలకు 70 దాటాయి. కానీ నలభై రోజుల తర్వాత ముడత పడ్డవి కాయ నిలుపుకున్నాయి, చిన్నప్పుడు పడ్డవే గొడ్డుపోయాయి. మొత్తం 620 బాక్సులు, పదిహేను కిలోలవి. ఎకరంన్నరకు అది పంట అనిపించుకోదు. మే నెలలో కోలారు మండిలో ధర మరీ అన్యాయంగా ఉంది. జూన్ మొదటి వారంలో చెట్లు ఎండిపోయి తోట మూసేశారు. జూలైలో అదే మండిలో బాక్సు రెండు వేలు దాటింది. ఆరోగ్యంగా ఉన్న తోట ఇంకో మూడు వారాలు లాగి ఉండేది. ఆ సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

వానాకాలం రాగి వేశారు. మళ్లీ టమాటా 2024 జనవరిలో. ఆ ఎండాకాలం బెంగళూరులో నీళ్ల ట్యాంకర్ల కోసం కొట్లాటలు జరిగిన సంగతి అందరికీ గుర్తే. హొసకోటె బోర్లు కూడా దగ్గాయి, అందుకని ఒక ఎకరానికే పరిమితమయ్యారు.

ఈసారి నారు కొనే ముందు నర్సరీలు చూడటానికి ఇద్దరం కలిసి వెళ్లాం. మొదటిదాంట్లో వల మీద చేయి దూరేంత చిరుగు, తలుపు బార్లా తీసి ఉంది. పక్కనే కాస్త పాత వంగ మొక్కలు. నిరుడు నారు ఎక్కడి నుంచి వచ్చిందని నేను అడగలేదు, ఆయన ముఖం చూస్తే అర్థమైంది. మూడో నర్సరీలో సన్నటి వల, రెండు తలుపుల గది, లోపల పసుపు జిగురు అట్టలు ఉన్నాయి. ఆ అట్టల మీద ఏముందో చూశాకే డబ్బు కట్టాం. రకం కూడా ముడతను తట్టుకునే హైబ్రిడ్. హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్క రక్షక్ ఆకుముడతతో పాటు బాక్టీరియా ఎండు తెగులునూ, ముందు మాడు తెగులునూ తట్టుకుంటుంది. దాన్ని పది గుంటల్లో వేయించాను. మిగతాది మండిలో అడిగే కాయ రకం. తట్టుకునే రకమంటే రోగం రానిది కాదు, వచ్చినా కాయ ఆపనిది.

నాటడానికి ముందురోజు సాయంత్రం ట్రేలకు ఇమిడాక్లోప్రిడ్, లీటరుకు 0.3 మి.లీ. ఇక్కడ చిన్న కిటుకు ఉంది. కొబ్బరిపొట్టు ఎండిపోయి ఉన్నప్పుడు పోస్తే నీళ్లు పక్కల నుంచి జారి కింద పడిపోతాయి. ముందు మామూలు నీళ్లతో కాస్త తడిపి, అరగంట ఆగి మందు నీళ్లు పోయాలి. ట్రే కింద చుక్క పడటం మొదలవగానే ఆపాలి. అలా చేస్తే ఎకరానికి వాడే మందు కొన్ని మిల్లీలీటర్లే. పిచికారీలో గాలికీ నేలకూ పోయే దానితో పోలిస్తే అది లెక్కలోకే రాదు. ఆ తర్వాత ఆ పంటలో 4ఎ గుంపు మందు మళ్లీ వాడలేదు.

పూత మీద కొట్టకుండా ఉండటానికి కూడా నాకు ఇదే దారి నచ్చుతుంది. యూరప్‌లో తేనెటీగల కోసమే 2018లో ఇమిడాక్లోప్రిడ్, థయామెథాక్సామ్, క్లోథియానిడిన్‌లను ఆరుబయట పంటల మీద వాడకూడదన్నారు. టమాటాకు ఈగలు తప్పనిసరి కాదు గాని, నీలి చారల ఈగలు వచ్చి పువ్వును పట్టుకుని జుమ్మని ఊపుతుంటే కాయ బాగా కడుతుంది. పైగా అన్నకు రెండు పొలాల అవతల దోస తోట ఉంది, దానికి ఈగలు లేకపోతే కాయే లేదు.

నాటడానికి మూడు వారాల ముందే చుట్టూ రెండు వరసల మొక్కజొన్న, గట్ల మీద వయ్యారిభామ పీకడం, వెండి రంగు పైకి ఉండేలా మల్చింగ్ షీటు. పక్క రైతు ఈసారి బీన్స్ వేసుకున్నాడు, అదృష్టం.

ముప్పయ్యో రోజు రెండు వందల్లో ముడత 6. నలభై ఐదో రోజు 14. స్పైరోమెసిఫెన్ ఒక్కసారి, సయాంట్రానిలిప్రోల్ ఒక్కసారి. కాయతొలిచే పురుగు లాంటి వాటికి పెట్టిన ఖర్చు వేరే, అది ఈ కేసు కాదు. ఎకరానికి 1,240 బాక్సులు వచ్చాయి.

ఇందులో మందు వాటా ఎంత? ఇది తెలుసుకోవాలని రెండు ట్రేలు, 196 మొక్కలు, మందు పోయకుండా తోట మధ్యలో నాలుగు వరసల్లో నాటించాను. ఇరవయ్యో రోజు వాటి ఆకుల కింద పిల్ల పురుగులు స్పష్టంగా ఎక్కువ, మందు పోసిన వాటిలో వెతికితే గాని దొరకలేదు. కానీ నలభై ఐదో రోజు ముడత లెక్క చూస్తే ఆ 196లో 19, మిగతా తోటలో రెండు వందలకు 14. నేను అనుకున్నంత తేడా లేదు. వల, గట్టు, రకం మోసిన బరువే ఎక్కువ. అయితే ఒక మెలిక ఉంది. ఆ నాలుగు వరసల చుట్టూ మందు ఉన్న మొక్కలే ఉన్నాయి కాబట్టి, చుట్టుపక్కల పుట్టే దోమే తక్కువ. ఊరంతా టీకా వేయించుకుంటే వేయించుకోని ఇద్దరికీ జబ్బు రానట్టు.

సరిగ్గా తేలాలంటే మందు పోయని మొక్కలను దూరంగా ఒక మూలలో విడిగా నాటాలి. అన్నను అడిగాను. "మీ పరీక్షలకు ఇంకో నాలుగు వరసలు అడగండి సార్, ఇస్తా. ఆ మూల మాత్రం ఇయ్యను" అన్నాడు. బోరు నీళ్లు ముందు వచ్చేది ఆ మూలకే.